‘మాఫీ’కి రెండు అర్థాలు: గల్ఫ్ అరబీ మన శ్రామిక మహిళల చేతికి అందాలి

మాఫీ అన్న మాట గోదావరి జిల్లాల రైతుకు ఊరటనిచ్చే మాట. రుణం మాఫీ అయిందంటే మెడమీద బరువు దిగినట్టే. అదే జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన మహిళకు ‘మఆష్ మాఫీ’ అన్న మాట వినబడితే దాని అర్థం ‘జీతం లేదు’ అని. మొదటిది అరబీ మూలం నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా కచేరీ భాషలో చేరి తెలుగులో స్థిరపడిన పదం. రెండవది ‘మా’, ‘ఫీ’ అన్న రెండు మాటలు కలిసి ‘లేదు’ అనే అర్థాన్నిచ్చే గల్ఫ్ వాడుక. చెవికి రెండూ ఒకటే. బతుకులో వాటి ఫలితాలు వేరు.

ఈ తేడాను ఆమె విమానం ఎక్కకముందే ఆమెకు చెప్పే బాధ్యత ఎవరిది? ఫోన్‌లోనే పనిచేయగల చిన్న భాషా నమూనాలు అందుబాటులోకి వచ్చిన ఈ కాలంలో, గల్ఫ్ వాడుక అరబీని తెలుగు శ్రామికుల చేతికి అందించకపోవడానికి ఇక సాకు లేదని మేము భావిస్తున్నాము. అయితే ఆ నమూనాను ఎవరి వాక్యాలతో తీర్చిదిద్దుతారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్న సాంకేతిక నిపుణుల గదుల్లో తేలేది కాదు. అది హక్కుల ప్రశ్న.

వలస దారి

సముద్రం దాటి పనికి పోవడం గోదావరి డెల్టాకు కొత్త కాదు. కోరంగి రేవు నుంచి బర్మాకు వెళ్లిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. ఊరి పేరే జాతి పేరైపోయేంతటి వలస అది. నేడు ఆ దారి పడమటికి తిరిగింది. కోనసీమలోని అమలాపురం, రాజోలు ప్రాంతాల నుంచి, పశ్చిమాన నరసాపురం, పాలకొల్లు, ఆచంట ప్రాంతాల నుంచి కువైట్‌కు, మస్కట్‌కు, ఖతర్‌కు, బహ్రెయిన్‌కు పనికి పోయినవారు లేని ఊరు అరుదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల నివాస భవనం తగలబడినప్పుడు 45 మంది భారతీయులు మరణించారు. ఆ మృతుల్లో మన పెరవలి మండలం వారూ ఉన్నారు. ఆ దేశానికీ ఈ డెల్టాకూ ఉన్న బంధం అటువంటిది.

ఈ వలసలో పురుషుడికీ స్త్రీకీ భాష విషయంలో పెద్ద తేడా ఉన్నది. నిర్మాణ స్థలంలో, దుకాణంలో, డ్రైవరు పనిలో ఉన్న పురుషుడి చుట్టూ భారతీయులు, పాకిస్తానీలు, బంగ్లాదేశీయులు ఉంటారు. హిందీయో ఉర్దూయో కొంత వస్తే అతని రోజు గడిచిపోతుంది. ఇంటిపనికి వెళ్లిన మహిళకు ఆ వెసులుబాటు లేదు. ఆమె ఒక అరబ్బు కుటుంబం ఇంట్లో, నాలుగు గోడల మధ్య, ఒంటరిగా ఉంటుంది. ఆమెకు పని చెప్పేదీ, తిండి పెట్టేదీ, తప్పు పట్టేదీ అరబీలోనే. ఆమెకు రాని భాషలోనే ఆమె మంచితనమూ నిజాయితీ నిర్ణయమవుతాయి.

ఇలా వెళ్లే మహిళల్లో అత్యధికులు దళిత, వెనుకబడిన కులాల వారు. ముస్లిం మహిళలూ ఉన్నారు, కానీ కోస్తా జిల్లాల్లో మన జనాభాయే స్వల్పం. మరి ముస్లిం మైనారిటీ హక్కుల పత్రిక ఈ సంగతి ఎందుకు ఎత్తుకోవాలని పాఠకులు అడగవచ్చు. అరబీ అక్షరం ఈ జిల్లాల్లో తరతరాలుగా మసీదు అరుగుల మీద, మక్తబుల్లో మనవద్దే ఉన్నది. మనవద్ద ఉన్నది పొరుగువారికి అవసరమైనప్పుడు అది అమానత్ అవుతుంది. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ, ఆ కూలిని అడిగే నోటికి మాట అందించే బాధ్యతను కూడా మన మీద పెడుతున్నది.

గ్రంథపు అరబీ, ఇంటి అరబీ

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ముస్లిములకు అరబీ వస్తుందని చాలామంది అనుకుంటారు. మన పిల్లలు నూరానీ ఖాయిదాతో మొదలుపెట్టి దివ్య ఖుర్ఆన్‌ను శుద్ధమైన ఉచ్చారణతో పఠించడం నేర్చుకుంటారు. అది ఆరాధన. దానితో కువైట్‌లోని వంటగదిలో సంభాషించడం సాధ్యం కాదు. అక్కడి ఇళ్లలో మాట్లాడేది ఖలీజీ మాండలికం.

తేడా ఎంతటిదో కొన్ని మాటలు చూస్తే తెలుస్తుంది. ‘నాకు కావాలి’ అనడానికి గ్రంథపు అరబీలో ‘ఉరీదు’, కువైట్‌లో ‘అబీ’. ‘ఇప్పుడు’ అక్కడ ‘అల్‌ఆన్’, ఇక్కడ ‘అల్‌హీన్’. ‘రేపు’ అక్కడ ‘గదన్’, ఇక్కడ ‘బాచిర్’. ‘ఏమిటి’ అక్కడ ‘మాదా’, ఇక్కడ ‘షిను’. కొన్ని మాటల్లో ‘క’ శబ్దం ‘చ’గా మారుతుంది, ‘ఖాఫ్’ అక్షరం ‘గ’గా వినిపిస్తుంది, ‘జీమ్’ ‘య’గా జారిపోతుంది. అందుకే గ్రంథంలోని ‘రజుల్’ (పురుషుడు) కువైట్ నోట ‘రయ్యాల్’. ‘దజాజ్’ (కోడి) ‘దియాయ్’. ‘తఅబానా’ అంటే నిఘంటువు ప్రకారం అలసిపోయిన స్త్రీ. వాడుకలో ఒంట్లో బాగోలేదని చెప్పడానికీ అదే మాట. దానిని ‘అలసట’ అని మాత్రమే అనువదించుకున్నవారు జ్వరంతో ఉన్న మనిషి మాటను బద్ధకంగా లెక్కగడతారు.

ఒకే సమాజంలో రాతకొక భాష, నోటికొక భాష ఉండే ఈ స్థితిని భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో వివరించినప్పుడు ఆయన ఎత్తుకున్న ప్రధాన ఉదాహరణల్లో అరబీ ఒకటి. రాజమహేంద్రవరం వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గ్రాంథికమా వ్యావహారికమా అన్న వాదానికి ఈ పట్టణం ఒక కేంద్రం. వీరేశలింగం పంతులుగారు తమ చివరి రోజుల్లో వాడుక భాషోద్యమానికి ఇక్కడే అండగా నిలిచారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి విడిచి 1936లో ఇక్కడికే వచ్చి స్థిరపడ్డారు. జనం నోట ఉన్న భాషే జనానికి చదువు చెప్పగలదన్నది ఆ ఉద్యమ సారం. గల్ఫ్ శ్రామికురాలి విషయంలో నేడు కావలసినదీ అదే వివేకం.

యంత్రం నేర్చిన అరబీ

కృత్రిమ మేధ నేర్చిన అరబీ ఎక్కువగా గ్రంథపు అరబీయే. అబూదాబీలో తయారై 2023 ఆగస్టులో విడుదలైన ‘జైస్’ నమూనా 1300 కోట్ల పరామితులున్నది. అది అరబీ, ఇంగ్లీషు భాషలను ఉద్దేశించినది. దాని అరబీలో కొంత భాగం ఇంగ్లీషు నుంచి యంత్రం అనువదించినది. ఖతర్‌లోని పరిశోధకులు 2021లో ప్రకటించిన 2000 గంటల ధ్వని సంపుటి అల్‌జజీరా ప్రసారాల నుంచి సేకరించినది. వార్తలు చదివేవారి అరబీకీ, ‘పిల్లవాడికి అన్నం పెట్టావా’ అని వంటింటి గుమ్మం నుంచి కేకవేసే అరబీకీ దూరమెక్కువ.

మాండలికాల మీద శ్రమ జరగలేదని మేము అనడం లేదు. 2018లో వెలువడిన ‘మదార్’ వాక్య సంపుటి 25 అరబ్బు నగరాల వాడుకను పక్కపక్కన చేర్చింది. అందులో దోహా, మస్కట్, రియాద్, జిద్దా ఉన్నాయి. మన మహిళలు ఎక్కువగా పోయే కువైట్ నగరం లేదు. పైగా ఆ వాక్యాలు పర్యాటకుల అవసరాలకు చెందినవి: హోటల్ గది, టికెట్టు, దారి అడగడం. న్యూయార్క్ విశ్వవిద్యాలయపు అబూదాబీ శాఖ పరిశోధకులు సేకరించిన ‘గుమార్’ సంపుటిలో పది కోట్లకు పైగా ఖలీజీ పదాలున్నాయి. అవి అంతర్జాలంలో వెలువడిన నవలల నుంచి తీసినవి. పర్యాటకుని వాక్యాలూ ప్రేమకథల సంభాషణలూ యంత్రానికి అందాయి. జీతం అడిగే పనిమనిషి వాక్యం అందలేదు.

ఇటు మన ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ని ప్రారంభించింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల మధ్య అనువాదం దాని లక్ష్యం. మంచి ప్రయత్నమే. అరబీ ఆ షెడ్యూలులో లేదు. సుమారు పది లక్షల మంది భారతీయులున్న కువైట్ భాష మన దేశపు భాషా మిషన్ గడప దగ్గరే ఆగిపోయింది. కనుక తెలుగు నుంచి ఖలీజీకి పోయే దారి నేడు ఇంగ్లీషు మీదుగా పోతున్నది. ఇంగ్లీషులో ఎదుటివారు స్త్రీ అయినా పురుషుడైనా, పెద్ద అయినా పిన్న అయినా ఒకటే మాట. తెలుగులోని ‘మీరు’ అన్న మర్యాద ఆ వంతెన మీద పోతుంది. అరబీలో పురుషుడికి ‘ఇంత’, స్త్రీకి ‘ఇంతి’ అనాలి. ఆ తేడా కూడా అక్కడే జారిపోతుంది. ఇంటి యజమానురాలిని పురుషుడిలా సంబోధించిన వాక్యం యంత్రానికి చిన్న పొరపాటు. పనిమనిషికి అది పొగరన్న నింద.

చిన్న నమూనా ఎందుకు?

పెద్ద నమూనాలు ఎక్కడో దూరాన ఉన్న యంత్రాల మీద నడుస్తాయి, అంతర్జాలం కావాలి. యజమాని ఇంటి వైఫై యజమాని చేతిలో ఉంటుంది. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నా ఏదో ఒక కంపెనీ కంప్యూటరుకు చేరుతుంది. నూరు కోట్ల పరామితుల చిన్న నమూనాను కుదించి దాచితే సుమారు అర గిగాబైటులో ఇముడుతుంది. మామూలు ఫోన్‌లో, అంతర్జాలం లేకుండానే పనిచేస్తుంది. అరబీ కొంత తెలిసిన చిన్న నమూనాలు ఉచితంగానే దొరుకుతున్నాయి.

అటువంటి నమూనాను ఒక ప్రత్యేకమైన పనికి మలచడాన్నే ఫైన్‌ట్యూనింగ్ అంటారు. 2021లో వచ్చిన ‘లోరా’ పద్ధతి దీనిని చౌక చేసింది. నమూనా లోపలి పాత జ్ఞానాన్ని కదపకుండా, దానికి చిన్న అదనపు పొరలు చేర్చి, వాటికి మాత్రమే శిక్షణ ఇస్తారు. ఇంటి గోడలు పగలగొట్టకుండా కొత్త ద్వారం అమర్చడం వంటిది. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు, కొన్ని వేల మేలైన వాక్యాలు, ఓపిక ఉంటే ఒక విశ్వవిద్యాలయ విభాగం చేయగల పని ఇది. కష్టమైనది యంత్రం కాదు, ఆ కొన్ని వేల వాక్యాలు.

ఎవరి వాక్యాలతో?

ఇంతకాలం పనికి పోయేవారికి నేర్పే అరబీ చాలావరకు ఆజ్ఞల అరబీ. తే, పో, కడుగు, తుడువు, త్వరగా, సరే అమ్మా. విని పాటించడానికి ఇవి చాలు. అదే వాక్యాలతో నమూనాను తీర్చిదిద్దితే మరింత చక్కగా పాటించే పనిమనిషి తయారవుతుంది, అంతే. మేము కోరుతున్నది అది కాదు.

కువైట్ 2015లో తెచ్చిన 68వ చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో కూడిన నెల సెలవు, పని ముగిశాక ఏటికొక నెల జీతం చొప్పున పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడాది కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయమైంది. పాస్‌పోర్టు ఆమె సొత్తు. ఆమె అంగీకారం లేకుండా యజమాని దానిని ఉంచుకోరాదు. ఒప్పంద పత్రం మాత్రం అరబీలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఆ రెండూ చదవలేని కోనసీమ మహిళకు ఈ హక్కులు ఉన్నా లేనట్టే. ‘అబీ మఆషీ’ (నా జీతం కావాలి), ‘అబీ జవాజీ’ (నా పాస్‌పోర్టు కావాలి), ‘అబీ అరూహ్ అస్సఫారా’ (రాయబార కార్యాలయానికి వెళ్లాలి): నమూనా మొదట నేర్వవలసిన వాక్యాలు ఇవి.

మాటల ఎంపికలోనూ మర్యాద ఉన్నది. ‘ఖాదిమా’ అంటే సేవకురాలు. కువైట్ చట్టం వాడేది ‘అమాలా మన్జిలియ్యా’, అంటే ఇంటి శ్రామికవర్గం. ఆమె తనను తాను పరిచయం చేసుకునేటప్పుడు యంత్రం ఆమె నోట ఏ మాట పెడుతుందో అదే ఆమె స్థానాన్ని తెలియజేస్తుంది.

ఈ వాక్యాలకు నిజమైన నిధి మన ఊళ్లలోనే ఉన్నది. పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడ పనిచేసి తిరిగివచ్చిన మహిళల జ్ఞాపకంలో ఆ ఇళ్ల భాష యథాతథంగా ఉన్నది. అయితే వారు మాట్లాడి వచ్చినది చాలావరకు క్రియారూపాలు మారని, శ్రామికుల మధ్య పుట్టిన కలగలుపు అరబీ. దానిని భాషాశాస్త్రవేత్తలు గల్ఫ్ పిడ్జిన్ అంటారు. వినేటప్పుడు నమూనాకు యజమానురాలి ఖలీజీ తెలియాలి. చెప్పేటప్పుడు పోలీసు స్టేషనులోనూ ఆసుపత్రిలోనూ చులకన కాని చక్కని వాక్యం చెప్పగలగాలి. అందుకు తిరిగివచ్చిన మహిళలతో పాటు కువైట్ వాడుక ఎరిగినవారు ప్రతి వాక్యాన్నీ సరిచూడాలి. ఈ మహిళలు ఇచ్చేది జ్ఞానం. దానికి వారి అనుమతి కావాలి, తగిన పారితోషికం కావాలి, వారి పేర్లూ వారు పనిచేసిన ఇళ్ల ఆనవాళ్లూ సంపుటిలో మిగలకూడదు. చెమట దోచుకున్న చోట మాటను కూడా దోచుకోరాదు.

పొరపాటు ఖరీదు

యంత్రం తప్పు చేస్తుంది. ఎక్కడ చేస్తుందో తెలిసి ఉండాలి. ఇంటిపనివారి మీద తరచుగా పడే నింద దొంగతనం. తెలుగులో ‘తీయలేదు’ అన్న నిరాకరణ క్రియ లోపలే దాగి ఉంటుంది. అరబీలో అది విడి మాటగా ముందు వస్తుంది. చిన్న నమూనాలు జారవిడిచే వాటిలో ఇటువంటి చిన్న మాటలే ఎక్కువ. ఆ ఒక్క మాట జారితే నిరాకరణ నేరాంగీకారమవుతుంది. కనుక పరీక్ష సాధారణ సంభాషణతో ముగియకూడదు. లేదు, కాదు, వద్దు అన్న వాక్యాలనూ, అంకెలనూ, తేదీలనూ, మందుల పేర్లనూ విడిగా వందలసార్లు పరీక్షించి, తేలిన తప్పులను బహిరంగంగా ప్రకటించాలి. పోలీసు విచారణలో, కోర్టులో, శస్త్రచికిత్స అంగీకారపత్రం దగ్గర యంత్రం సరిపోదని ఆ యంత్రమే చెప్పాలి. అక్కడ మనిషి దుబాసీ ఆమె హక్కు. ఫోన్ ఉన్నదన్న మిషతో రాయబార కార్యాలయాలు దుబాసీలను తగ్గించే ప్రయత్నం చేస్తే మేము దానిని వ్యతిరేకిస్తాము.

మరొక ప్రమాదం ఫోన్ యజమాని చేతికి పోవడం. ‘పాస్‌పోర్టు ఎలా అడగాలి’ అని ఆమె నేర్చుకున్న ఆనవాలు తెర మీద కనిపిస్తే ఆ రాత్రి ఆమెకు క్షేమం ఉండదు. సంభాషణల చరిత్ర దాచని ఏర్పాటు తప్పనిసరి. ఎక్కువ చదువుకోని వారికి అక్షరం కంటే గొంతు ముఖ్యం కనుక, వినడం, మాట్లాడడం తెలుగులోనే జరగాలి. గోదావరి యాసను కూడా అది గుర్తుపట్టాలి.

అసలు వలసే ఆగాలి, భాష నేర్పడమంటే వలసను ప్రోత్సహించడమే అనేవారున్నారు. ఊళ్లో గౌరవమైన పని దొరకాలన్న వారి కోరికతో మాకు భేదం లేదు. కానీ అది దొరికేదాకా అప్పు చేసి విమానం ఎక్కే మహిళను మూగగా పంపడం ఏ నీతి?

బాధ్యత ఎవరిది?

1983 నాటి వలసల చట్టం కింద ఇంటిపనికి వెళ్లే మహిళకు కనీస వయసు 30 ఏళ్లు అన్న నిబంధన ఉన్నది. ఇటువంటి నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని 2016 నుంచి నిబంధన ఉన్నది. మన రాష్ట్రంలో ఆ పని ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీది. ప్రయాణానికి ముందు అవగాహన శిక్షణ 2018లో మొదలైంది. దాని నిడివి ఒక్క రోజు. ఒక్క రోజులో ఏ భాష వస్తుంది? నిబంధనలు పెట్టిన ప్రభుత్వం నోటికి మాట ఇవ్వలేదు. ఆ లోటును ఏజెంట్లు అబద్ధాలతో నింపుతున్నారు.

మా కోరికలు నాలుగు. మొదటిది, రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ, హైదరాబాదులో అరబీ శాఖలున్న ఉర్దూ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ కలిసి తెలుగు–ఖలీజీ వాక్య సంపుటిని సిద్ధం చేయాలి. నమూనాను అందరికీ ఉచితంగా విడుదల చేయాలి. రెండవది, ప్రవాసాంధ్రుల సంక్షేమానికి కేటాయించిన నిధుల నుంచి రాష్ట్ర ప్రభుత్వం దీనికి ఖర్చు పెట్టాలి. మూడవది, భాషిణిలో అరబీని, ముఖ్యంగా గల్ఫ్ మాండలికాన్ని చేర్చాలి. నాలుగవది, ఏ వాక్యం ఉండాలి, ఏది పోవాలి అని నిర్ణయించే సంఘంలో తిరిగివచ్చిన శ్రామిక మహిళలు సగం మంది ఉండాలి.

ప్రభుత్వం కదిలేదాకా మన మసీదు కమిటీలు, మదరసాలు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. గల్ఫ్‌లో ఏళ్లపాటు ఉండి వచ్చిన సోదరులు, అరబీ చదివిన ఉలమా మన మధ్య ఉన్నారు. ఆదివారాల్లో కులమతాలు చూడకుండా, వలసకు సిద్ధమవుతున్న మహిళల కోసం మక్తబు గదిని తెరవవచ్చు. నేర్పేందుకు తిరిగివచ్చిన మహిళలనే పిలవవచ్చు. అక్కడ పలికే ప్రతి వాక్యమూ రేపటి నమూనాకు విత్తనమవుతుంది. భాషల వైవిధ్యాన్ని దైవ సూచనల్లో ఒకటిగా చెప్పిన దివ్య ఖుర్ఆన్‌ను పఠించేవారికి ఇది పరాయి పని కాదు.

తెలుగులో మనం రోజూ వాడే ‘హక్కు’ అరబీ నుంచి వచ్చిన మాటే. కువైట్ అరబీలోనూ ‘హగ్గీ’ అంటే ‘నాది’ అని. పాస్‌పోర్టు చూపించి, జీతం చూపించి, ఆమె ఆ మాటను సరైన ఉచ్చారణతో, తల వంచకుండా అనగలగాలి. అందుకు కావలసిన సాధనం మన చేతికి అందేంత దగ్గరకు వచ్చింది. వాక్యాలు సేకరించే పని ఈ ఏడాదే మొదలుకావాలి.